కెమెరా బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా? వాన లెక్కలో చూద్దాం

ఉప్పలపాడు చెరువు దగ్గర నెలకో ఆదివారం పొద్దున్నే ఐదుగురం కలుస్తాం. గుంటూరు నుంచి ముగ్గురు, బెజవాడ నుంచి ఇద్దరు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టుకుని మనల్ని పెద్దగా పట్టించుకోకుండా వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి. ఫొటోలు తీసేది గంటన్నర. ఆ తర్వాత టీ బడ్డీ దగ్గర వాదించుకునేది అంతకన్నా ఎక్కువసేపు.

ఈమధ్య వాదన పెట్టింది బ్రాడీపేట కుర్రాడు. పెళ్లిళ్లకి రెండో కెమెరామన్‌గా వెళ్తుంటాడు. క్రాప్ సెన్సర్ (అంటే వెలుతురు పట్టే చిప్ చిన్నది) బాడీ, దాంతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్, అంతే అతని ఆస్తి. "అన్నా, ఫంక్షన్ హాల్లో తీసినవన్నీ ఇసక చల్లినట్టు వస్తున్నాయి. అప్పు చేసైనా ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లిపోదామనుకుంటున్నా" అన్నాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే పెద్ద సెన్సర్ ఉన్న బాడీ. నికాన్ వాడే పెద్దాయన "ముందు లెన్స్ కొనుక్కోరా అబ్బాయ్" అన్నారు. సోనీ ఆయన ఒప్పుకోలేదు, ఎంత మంచి లెన్స్ పెట్టినా చిన్న సెన్సర్ చిన్న సెన్సరేనట. ఫ్యూజీ ఆయన కాగితం తీసి ఒకటిన్నరతో గుణించడం మొదలుపెట్టాడు. చివరికి టీ చల్లారింది, కుర్రాడికి జవాబు మాత్రం రాలేదు.

నిజానికి ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఎవరు చెప్పిన తేడా ఎంతో ఎవరూ కొలవలేదు. కొలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. దానికి మన వైపు అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది, వాన లెక్క.

నిన్న తెనాలిలో 5 సెంటీమీటర్ల వాన పడిందంటాం. ఎకరం పొలంలోనూ 5 సెంటీమీటర్లే, పక్కనున్న రెండెకరాల పొలంలోనూ 5 సెంటీమీటర్లే. వాన ఒకటే అయినా రెండెకరాల పొలానికి చేరిన నీళ్లు మాత్రం రెట్టింపు. కెమెరాలో ఎఫ్ నంబర్ ఆ వాన కొలత లాంటిది, సెన్సర్ పొలం లాంటిది. ఎఫ్ నంబర్ చెప్పేది సెన్సర్ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకు ఎంత వెలుతురు పడుతుందన్నది మాత్రమే. మొత్తం ఎంత వెలుతురు పోగైందనేది పొలం విస్తీర్ణం మీద ఆధారపడుతుంది. ఫొటోలో ఇసకలా కనిపించే నాయిస్ ఎక్కువగా ఈ మొత్తం వెలుతురు తక్కువైనప్పుడు వస్తుంది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. నికాన్, సోనీ, ఫ్యూజీల క్రాప్ సెన్సర్ పొడవు, ఎత్తు ఒక్కొక్కటీ దానికి ఒకటిన్నర రెట్లు చిన్నవి. కెనాన్‌ది ఇంకాస్త చిన్నది, 1.6 రెట్లు. ఒకటిన్నరని ఒకటిన్నరతో గుణిస్తే 2.25. అంటే క్రాప్ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే, ఎఫ్ నంబరూ షట్టర్ స్పీడూ (సెన్సర్ మీద వెలుతురు పడనిచ్చే సమయం) మారనప్పుడు, పోగయ్యే వెలుతురు రెండుంపావు రెట్లు. ఆ కుర్రాడు ఐఎస్ఓ (వెలుతురు తగ్గేకొద్దీ పెంచాల్సిన సెట్టింగ్) 6400 దగ్గర తీస్తున్న ఫొటో ఫుల్ ఫ్రేమ్‌లో అదే 6400 దగ్గర తీస్తే, ఇప్పుడున్న బాడీలో 2800 దగ్గర తీసినంత శుభ్రంగా కనిపిస్తుందన్నమాట. తక్కువేం కాదు.

ఇక రెండో దారి. కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద రాసే 18, 55 లాంటి ఎంఎం అంకె) లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదన్నమాట. 55ని 5.6తో భాగిస్తే రంధ్రం పది మిల్లీమీటర్లు కూడా లేదు. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 తగిలిస్తే రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు. 5.6 నుంచి 1.8కి వచ్చేసరికి సెన్సర్ మీద పడే వాన దాదాపు 9.7 రెట్లు పెరుగుతుంది. ఐఎస్ఓ 6400 కాస్తా 640 దగ్గరికి దిగిపోతుంది.

ఒకవైపు రెండుంపావు రెట్లు, మరోవైపు తొమ్మిదిన్నర రెట్లకు పైనే. చాలా కంపెనీల లెన్సుల జాబితాల్లో 50 ఎంఎం ఎఫ్ 1.8 చవకైన వాటిలో ఒకటి. పెద్దాయన మాటలో బలం ఇదీ. అప్పు చేసి ఫుల్ ఫ్రేమ్ బాడీ కొని, డబ్బులు చాలక దానికీ ఎఫ్ 5.6 జూమే పెడితే, పాత బాడీకి 50 పెట్టుకున్నవాడి కన్నా వెనకబడటం ఖాయం.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. పెళ్లికూతురు కన్ను నిక్కచ్చిగా వస్తే పక్కనే అర అడుగు వెనకున్న పెళ్లికొడుకు మెత్తబడిపోతాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరూ కావాలి కాబట్టి ఎఫ్ 2.8కో 4కో మూయాల్సిందే. స్టేజి మీద ఇరవైమంది నిలబడే గ్రూప్ ఫొటోకైతే ఇంకా మూయాలి. తొమ్మిదిన్నర రెట్ల లాభం అక్కడ నాలుగు రెట్లకో రెండు రెట్లకో, ఒక్కోసారి సున్నాకో పడిపోతుంది. ఆ టైంలో వెలుతురు ఫ్లాష్ నుంచి రావాలి తప్ప లెన్స్ నుంచి కాదు.

ఈ మెలిక ఫుల్ ఫ్రేమ్‌కీ వర్తిస్తుంది, ఈ సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. పెద్ద సెన్సర్ మీద అదే దృశ్యం, అదే ఎఫ్ నంబర్ దగ్గర తీస్తే ఫోకస్ లోతు తగ్గుతుంది. క్రాప్‌లో ఎఫ్ 4 దగ్గర వచ్చినంత లోతు ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే ఎఫ్ 6కి మూయాలి. అలా మూస్తే వాన సరిగ్గా రెండుంపావు రెట్లు తగ్గుతుంది. పొలం పెద్దదే కానీ వాన తగ్గింది, నీళ్లు సమానం. కాబట్టి గ్రూప్ ఫొటోలో పెద్ద సెన్సర్ వల్ల నాయిస్‌లో పెద్ద లాభం లేదు. వెనకంతా కరిగిపోయి ఒక్క ముఖమే నిలిచే ఫొటో కావాలనుకునేవాడికే ఆ లాభం పూర్తిగా దక్కుతుంది.

ఫ్యూజీ ఆయన ఒకటిన్నరతో గుణిస్తూ ఎక్కడ ఆగిపోయాడో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన దగ్గరున్నది 56 ఎంఎం ఎఫ్ 1.2. ఫుల్ ఫ్రేమ్ వాళ్లు పోర్ట్రెయిట్‌కి వాడేది 85 ఎంఎం ఎఫ్ 1.8. "నాది 1.2, నీది 1.8. నాదే గొప్ప" అని ఆయన వాదన. 56ని ఒకటిన్నరతో గుణిస్తే 84 వస్తుంది, పోల్చేటప్పుడు 1.2నీ గుణించాలి, అదీ 1.8 అవుతుంది. రంధ్రాలు కొలిస్తే 56ని 1.2తో భాగిస్తే 46.7 మిల్లీమీటర్లు, 85ని 1.8తో భాగిస్తే 47.2. అర మిల్లీమీటరు తేడా! దృశ్యం ఒకటే, నేపథ్యం కరిగే తీరు ఒకటే, పోగైన వెలుతురూ దాదాపు ఒకటే. వేర్వేరు సైజుల సెన్సర్లను పోల్చేటప్పుడు దృశ్యం ఒకటే వచ్చేలా పెట్టి ఎవరి రంధ్రం ఎంత వెడల్పుందో చూసుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ (క్రాప్ కన్నా చిన్న సెన్సర్) వాళ్ల 42.5 ఎంఎం ఎఫ్ 1.2 రంధ్రం 35 మిల్లీమీటర్లే, కాబట్టి అది 85 ఎఫ్ 2.4తో సమానం. ఫోన్ మెయిన్ కెమెరా రంధ్రం సాధారణంగా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. అయినా రాత్రి ఫొటో బాగా వస్తుందంటే, అది చాలా ఫ్రేములు వరసగా తీసి ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల.

ఒక జాగ్రత్త. గుణించేది దృశ్యాన్ని, ఫోకస్ లోతుని పోల్చడానికే. ఎక్స్‌పోజర్ లెక్కకి గుణించకూడదు. ఎఫ్ 1.2 ఏ సెన్సర్ మీదైనా ఎఫ్ 1.2 వానే కురిపిస్తుంది.

ఇక కొంగల సంగతి. "నా 300 లెన్స్ క్రాప్ బాడీ మీద 450 అవుతుంది" అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అంటారు. లెన్స్ ఏమీ సాగదు. సెన్సర్ చిన్నది కాబట్టి చుట్టుపక్కల దృశ్యం కత్తిరించుకుపోయి మధ్య భాగమే మిగులుతుంది. మరి క్రాప్ బాడీ పక్షులకి మంచిదని ఎందుకంటారు? పిక్సెల్స్ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో తీసి, క్రాప్ సెన్సర్ అంత ముక్క కోస్తే పదిన్నర మెగాపిక్సెల్స్ మిగులుతాయి. 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీలో కొంగ మీద 24కి 24 పడతాయి. కానీ 2017లో వచ్చిన నికాన్ డి850 చూడండి, 45.7 మెగాపిక్సెల్స్. దాన్ని కోసినా 19 పైనే మిగులుతాయి. అంతకుముందు ఏడాది వచ్చిన క్రాప్ బాడీ డి500లో ఉన్నవి 20.9. కొంగకి రెండూ ఒకటే. జేబుకి కాదు.

పక్షుల లెన్సులు ఎందుకంత బరువో కూడా రంధ్రమే చెబుతుంది. 600 ఎంఎం దగ్గర ఎఫ్ 6.3 రావాలంటే రంధ్రం 95 మిల్లీమీటర్లుండాలి, దాని ముందు గాజు అంతకన్నా చిన్నదిగా ఉండటానికి వీల్లేదు. సిగ్మా కాంటెంపరరీ, టామ్రాన్ 150-600 లెన్సులకి 95 ఎంఎం ఫిల్టర్ పట్టడం అందుకే. చిన్నదిగా, తేలికగా, చవకగా 600 ఎఫ్ 4 తయారుచేశామని రేపు ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంతసేపూ లెన్స్ పక్షాన మాట్లాడాను. సోనీ ఆయనకి కోపం రాకముందే బాడీ గెలిచే చోటూ చెప్పాలి. అది సెన్సర్ సైజు కాదు, ఫోకస్.

పాత డీఎస్ఎల్ఆర్‌లో అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చిన వెలుతురులో కొంత కిందికి మళ్లి, అక్కడున్న వేరే ఫోకస్ సెన్సర్ మీద పడుతుంది. ఫొటో పడేది మాత్రం వెనకున్న అసలు సెన్సర్ మీద. రెండు దారుల పొడవు వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. లేకపోతే కన్ను మీద ఫోకస్ పెడితే చెవి మీద పడుతుంది. ఎఫ్ 5.6 దగ్గర లోతు ఎక్కువ కాబట్టి ఈ తప్పు కనపడదు. ఎఫ్ 1.8 లెన్స్ కొన్న మొదటివారంలో బయటపడుతుంది, కొత్త లెన్స్ పాడైందనుకుని షాపు చుట్టూ తిరుగుతాం. అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీలో ఆ రెండో దారి లేదు, ఫొటో పడే సెన్సరే ఫోకస్‌నీ కొలుస్తుంది. పైగా ఇప్పటి బాడీలు కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుని వదలవు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన తీసినవాళ్లకి ఈ తేడా విలువ తెలుస్తుంది. తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడి కదిలే నర్తకి కళ్లని పాత బాడీలో మధ్య పాయింట్‌తో వెంటాడితే పదింటిలో నాలుగైదు దక్కితే గొప్పనిపించేది నాకు. మిర్రర్‌లెస్ చేతికొచ్చాక ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో అనే టెన్షన్ పట్టుకుంది.

స్టెబిలైజేషన్ మీద కూడా ఒక మాట. బాడీలో ఉన్నా లెన్స్‌లో ఉన్నా అది ఆపేది మన చేతి వణుకుని. తలంబ్రాల్ని ఆపదు. దోసిట్లోంచి జారుతున్న బియ్యపు గింజలు గింజలుగా కనబడాలంటే షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతు దాకా వెళ్లాలి, అంత స్పీడ్‌కి వెలుతురు కావాలి, వెలుతురుకి మళ్లీ పెద్ద రంధ్రమో ఫ్లాషో కావాలి. "మా బాడీలో ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంది, ఇక ఎఫ్ 1.8 ఎందుకు" అనే మాట గుళ్లో ధ్వజస్తంభాన్ని తీసేవాడికి సరిపోతుంది, పెళ్లిళ్లు తీసేవాడికి సరిపోదు.

మెగాపిక్సెల్స్ గురించి ఎక్కువ చెప్పను. మన పెళ్లి ఆల్బమ్ 12 బై 36. తెరిస్తే 36 అంగుళాలు కాబట్టి ఒక్కో పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల లెక్కన పేజీకి 19.4 మెగాపిక్సెల్స్ చాలు. చేతిలో ఉన్న 24 మెగాపిక్సెల్ కెమెరా నిండు పేజీకి సరిపోయి ఇంకా మిగిలింది. కూడలిలో కట్టే ఫ్లెక్సీకి ఇంకా తక్కువ చాలు, దాన్ని ముక్కు ఆనించి ఎవరూ చూడరు కదా.

బాడీ కొనేటప్పుడు ఎక్కువమంది అడగని ప్రశ్న ఒకటుంది: మౌంట్ (బాడీకి లెన్స్ తగిలే చోటు) ఏది? బాడీ కొనడం అంటే వియ్యమందుకోవడం. పెళ్లికొడుకు ఒక్కడే కాదు, చుట్టాలందరూ వస్తారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. దాంట్లో లెన్స్ తగిలే చోటు నుంచి సెన్సర్ దాకా 46.5 మిల్లీమీటర్లు, మధ్యలో అద్దం లేవడానికి అంత చోటు కావాలి. 2018లో వచ్చిన జడ్ మౌంట్‌లో అద్దం లేదు, ఆ దూరం 16 మిల్లీమీటర్లే. మిగిలిన ముప్ఫై మిల్లీమీటర్లలో అడాప్టర్ కూర్చుంటుంది, అందుకే పాత లెన్స్ కొత్త బాడీకి పడుతుంది. కెనాన్‌లోనూ అంతే, 1987 నాటి ఈఎఫ్‌లో 44, 2018 నాటి ఆర్ఎఫ్‌లో 20. కొత్త లెన్స్ పాత బాడీకి పెట్టాలంటే దాన్ని బాడీ లోపలికి దూర్చాలి, అది అయ్యే పని కాదు.

సెకండ్ హ్యాండ్‌లో మోసపోయేది కూడా ఇక్కడే. నికాన్ పాత ఏఎఫ్-డి లెన్సులకి సొంత మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటార్ వాటిని తిప్పాలి. డి7000 వరస బాడీల్లో ఆ మోటార్ ఉంది. డి3000, డి5000 వరసల్లో లేదు. జడ్ బాడీలకిచ్చే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. చవగ్గా దొరికిందని 50 ఏఎఫ్-డి తెచ్చుకుని డి3500కి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు, మనం అడగలేదు. వేరే కంపెనీల లెన్సుల విషయంలో సోనీ వాళ్ల 'ఈ' (E) మౌంట్ ముందుంది, 2011లోనే దాని వివరాల్ని ఇతర తయారీదారులకి ఇచ్చారు. అందుకే సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి కుప్పలుతెప్పలు. కెనాన్ ఆర్ఎఫ్ చాలాకాలం తలుపులు బిగించుకుని ఉండి, 2024లో క్రాప్ బాడీల లెన్సులకి ఈ రెండు కంపెనీలకీ దారిచ్చింది.

స్పెసిఫికేషన్ కాగితంలో కనిపించని మరో సంగతి మన వాతావరణం. నా మొదటి 50ని తోలు సంచీలో పెట్టి, బీరువాలో బట్టల మధ్య భద్రంగా దాచాను. వానాకాలం మూడు నెలలు తీయలేదు. దీపావళికి తీస్తే లోపలి గాజు మీద సాలెగూడు అల్లినట్టు ఫంగస్. తోలు తేమని పట్టుకుని కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లం, పైగా బీరువాలో గాలి ఆడదు, చీకటి. ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి? గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్ ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పే చుట్టాల మాట వినకండి, లెన్స్‌లోకి దుమ్ము చేరుతుంది. పాత లెన్స్ కొనేటప్పుడు రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ఏటవాలుగా చూడండి. చిన్న గీత ఉన్నా ఫర్వాలేదు, సన్నటి దారాలు కనిపిస్తే వద్దు. బాడీకైతే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) అడగండి.

తేడాలన్నీ మాయమైపోయే చోటు కూడా ఒకటుంది. ప్రకాశం బ్యారేజీని రాత్రిపూట సీతానగరం వైపు నుంచి తీయండి. ట్రైపాడ్ వేసి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, పది పదిహేను సెకన్లు. గేట్ల మీద దీపాలు నీళ్లలో పొడుగ్గా సాగుతాయి. ఒకసారి మేం ఐదుగురం పక్కపక్కనే నిలబడి ఐదు బాడీలతో తీసి, ఇంటికొచ్చి పేర్లు తీసేసి చూసుకున్నాం. నికాన్ పెద్దాయన తనదనుకుని మెచ్చుకున్న ఫొటో కుర్రాడి కిట్ లెన్స్‌ది. వెలుతురు పోగుచేసుకోవడానికి పది సెకన్లు దొరికితే చిన్న రంధ్రం కూడా చాలు.

ముహూర్తం మాత్రం పది సెకన్లు ఆగదు. కుర్రాడు అప్పు చేయలేదు. పెద్దాయన దగ్గర 50 అరువు తీసుకుని మంగళగిరిలో ఓ పెళ్లికి వెళ్లాడు. మర్నాడు ఫొటోలు పంపాడు. ఇసక లేదు, పెళ్లికూతురి నుదుటి మీద బాసికం పూసలు లెక్కపెట్టొచ్చు. కింద ఓ మెసేజ్: "అన్నా, క్రాప్‌లో ఇది 75 అయి కూర్చుంది. మండపం ఇరుకు, వెనక్కి జరుగుదామంటే మేళం వాళ్లున్నారు. 35 ఎఫ్ 1.8 ఎవరైనా అమ్ముతున్నారేమో కనుక్కో."